ఊపిరి మింగిన పెట్టె

నేను ఒక పాటల పెట్టెను. దుకాణాల్లో నన్ను స్ట్రీమర్ అంటారు. నాకు గొంతు లేదు, స్పీకరూ లేదు. ఇంటర్నెట్‌లో ఉన్న పాటను అందుకుని పక్కనున్న యాంప్లిఫయరుకు అందించడమే నా పని. అరచేతిలో ఇమిడేంత ఉంటాను, ఒళ్లంతా ప్లాస్టిక్. నన్ను బిగించిన కార్ఖానాలో ఏ పెట్టె ఎలా పలుకుతుందో ఎవరూ చెవి ఒగ్గి వినలేదు. దీపం వెలిగిందా లేదా అని చూసి అట్టపెట్టెలో పెట్టేశారు.

అనుమానాలు మనుషుల దగ్గరికి వచ్చాకే మొదలయ్యాయి. నన్ను మొదట కొన్నది ఏలూరులో ఒక కాలేజీ లెక్చరరు. కొన్నాళ్లు సంతోషంగానే విన్నాడు. ఒకరోజు స్నేహితుడెవరో వచ్చి, ఇంత చవక పెట్టెతో ఎలా వింటున్నావని అడిగి వెళ్లాడు. అంతే, ఆ సాయంత్రం నుంచి ఆయనకు నా పాటలో లోతు లేకుండా పోయింది. విజయవాడ గవర్నరుపేటలో సాంబశివరావు దుకాణంలో నన్ను ఇచ్చేసి, ఖరీదైనది పట్టుకుపోయాడు. పొద్దున ఉన్న లోతు సాయంత్రానికి ఎక్కడికి పోయిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

అక్కడి నుంచి నన్ను ఇంటికి తెచ్చుకున్నవాడు షేక్ మీరావలి. రైలింజను డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. వాళ్లది చిలకలూరిపేట వైపు నాదస్వరం కుటుంబం. తండ్రి నబీసాహెబు గుళ్లలోనూ పెళ్లిళ్లలోనూ వాయించి పేరు తెచ్చుకున్నాడు. కొడుకు మాత్రం వాద్యం పట్టకుండా ఇంజనెక్కాడు. తండ్రి పోయాక ఆయన వాయించినదంతా పోగా ఒక్క రేడియో కచేరీ మిగిలింది. దాన్ని ఎవరో పుణ్యాత్ముడు నెట్‌లో పెట్టాడు. అది వినడానికే మీరావలి నన్ను కొన్నాడు.

మొదటిరోజు భార్య కరీమున్నీసాను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తోడి రాగం సాగుతోంది. ఒకచోట నాదస్వరం ఆగి, మళ్లీ అందుకుంది. ఆ సందులో మీరావలి వేలెత్తాడు.

"ఇదుగో, ఇక్కడ. నాన్న ఊపిరి తీసుకున్నాడు, విన్నావా?"

విన్నానంది. పాట అందరూ వింటారు, ఈ ఊపిరి మాత్రం మనదేనని చెప్పి అతను కళ్లు తుడుచుకున్నాడు.

కొన్నేళ్లు అలాగే గడిచాయి. తరవాత నా మీద అతనికి అనుమానం పుట్టింది. వింటూ వింటూ ముందుకు వంగేవాడు. తీగలు ఊడదీసి మళ్లీ గుచ్చేవాడు, కొత్తవి తెచ్చి మార్చేవాడు. చివరికి, ఈ పెట్టె నాన్న ఊపిరిని మింగేస్తోందని తేల్చేశాడు. నేనేమీ మింగలేదని చెప్పుకోవడానికి నాకు నోరేదీ?

సాంబశివరావుకు కబురు వెళ్లింది. అతను ఒక పెద్ద స్ట్రీమర్‌ను రెండు చేతులా మోసుకుని వచ్చాడు. దాని ఒళ్లంతా లోహం. నచ్చితేనే ఉంచుకోమని చెప్పి నా పక్కనే పెట్టాడు. దాని మీద పాట మొదలవగానే మీరావలి ముఖం విప్పారింది. ఎదుట తెర తీసినట్టుందన్నాడు. ఊపిరి వినపడిందా అని సాంబశివరావు అడిగితే, ఇంకొంచెం అలవాటు పడాలేమో అన్నాడు.

కరీమున్నీసాకు ఆ జవాబు నచ్చలేదు. మేడ మీద గది వేయించుకుందామని దాచిన డబ్బు ఈ లోహం డబ్బాలోకి పోబోతోంది. నాకూ అనుమానంగానే ఉంది. అదీ నాలాగే పాటను అందుకుని అందించేదే కదా! మరి ఆ బరువంతా దేనికోసం?

ఆమె రెండు మూడుసార్లు మార్చి మార్చి విని, ఒక సంగతి పట్టుకుంది. కొత్తది నాకంటే గట్టిగా పలుకుతోంది. గట్టిగా వినపడితే ఏదైనా బాగానే ఉన్నట్టుంటుంది కదా అని సాంబశివరావును నిలదీసింది. అతను గది గోడల గురించీ తీగల గురించీ ఏదో చెప్పబోయాడు. ఆమె వినిపించుకోకుండా రెండింటి ధ్వనినీ సమానం చేసి, భర్తను అటు తిరిగి కూర్చోమంది. ఏది పాడుతోందో చెప్పకుండా మార్చి మార్చి పెట్టింది.

"ఇది కొత్తది," అన్నాడు మీరావలి గర్వంగా. అప్పుడు పాడుతున్నది నేను. మరోసారి పెడితే, ఇది పాతదే అన్నాడు. అప్పుడూ నేనే.

సాంబశివరావు తల దించుకున్నాడు. నేను లోపల్లోపల మురిసిపోయాను. ఆ మురిపెం ఎక్కువసేపు నిలవలేదు.

"ఊపిరి దేంట్లో వినపడిందండీ?" అంది కరీమున్నీసా.

"రెండింట్లోనూ లేదు."

"నాకు రెండింట్లోనూ వినపడింది," అంది నెమ్మదిగా.

మీరావలి ఆమె వైపు తిరిగాడు. కొన్నాళ్లుగా ఆమె నోట్లో నోట్లోనే మాట్లాడుతోందని విసుక్కుంటున్నాడు. ఫోనులో అవతలివాళ్లు గొణుగుతున్నారనేవాడు. అవన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయేమో, చేయి మెల్లగా చెవి మీదికి పోయింది. సాంబశివరావు తన సరుకు సర్దుకుని వెళ్లిపోయాడు.

చెవుల డాక్టరు పరీక్ష చేసి చెప్పిన మాటలు వాళ్లిద్దరూ ఇంటికొచ్చి మాట్లాడుకుంటుంటే నాకు తెలిశాయి. ఏళ్ల తరబడి ఇంజను మోత, హారను చప్పుడు సన్నని శబ్దాలు వినే శక్తిని తినేశాయట. లావుపాటి శబ్దాలు వినపడుతూనే ఉండడంతో పోయినవి పోయాయని తెలియలేదట. నాన్న మాట విని నాదస్వరం పట్టుకున్నా బాగుండేదని మీరావలి అన్నాడు. అప్పుడు మనం తినేదేమిటని ఆమె అడిగింది.

చెవి వెనక పెట్టుకునే మిషను ఒకటి ఇచ్చారు. అది పెట్టుకున్న రోజు గిన్నెల చప్పుడు రేకు గీకినట్టుందని చిరాకుపడ్డాడు. కాస్త కుదురుకున్నాక నన్ను వెలిగించి కచేరీ పెట్టాడు. నాదస్వరం ఆగింది. ఆ సందులో సన్నగా ఏదో బుస్సుమన్నట్టు అతనికి వినపడింది. మీరావలి పాట ఆపేశాడు.

అది నాన్న ఊపిరేనా, ఈ మిషను పుట్టించిన చప్పుడా? నన్ను చూశాడు. చెవి వెనకనున్న దాన్ని తీసి, తిప్పి చూసి, మళ్లీ పెట్టుకున్నాడు. అతని అనుమానం తప్పని నేను అనలేను. నేను అందించేది ఏమిటో నాకే వినపడదు. ఖరీదైనదానికీ చెవుల్లేవు.

కరీమున్నీసా వచ్చి అతని పక్కన కూర్చుంది. మళ్లీ మొదటి నుంచి పెట్టాడు. ఈసారి అతను నా వంక చూడలేదు, ఆమె ముఖమే చూస్తున్నాడు. నాదస్వరం ఆగింది.

"ఇప్పుడేనా?"

"ఇప్పుడే," అంది.

అతను తల ఊపి, నాదస్వరం అందుకునే తరవాతి సంగతి వినడానికి కళ్లు మూసుకున్నాడు.