తాళంచెవి ఇల్లు దాటకూడదు

పిండి చేతులతోనే తలుపు తీసింది ఇర్మా. గుమ్మంలో నలుగురు యాత్రికులు నిలబడి, కోట తాళంచెవి ఇక్కడే ఇస్తారట కదా అని అడిగారు. ఇస్తారు. అంటే ఇర్మా ఇస్తుంది. ఇవ్వడమంటే చేతిలో పెట్టి పంపడం కాదు. ముందు నడిచి, కొండెక్కి, తాళం తీసి, కథ చెప్పి, వాళ్ళెవరూ కూలిన గోడలెక్కి పడిపోకుండా చూసుకుని, మళ్ళీ తాళం వేసి దిగిరావడం. పైకి ఎక్కడానికే అరగంట. రొట్టెల పిండి మీద గుడ్డ కప్పి బయల్దేరింది. తిరిగొచ్చేసరికి పిండి పొంగి గిన్నె దాటుతుందని తెలుసు, అది అత్తగారు ఫిలోమెనా కంట పడుతుందనీ తెలుసు.

ఆర్నెక్ కోట తాళంచెవి ఆ కొండ కింది ఇంట్లో ఎన్ని తరాలుగా ఉందో ఎవరూ చెప్పలేరు. కోటకి దొర లేడు, పైకప్పు లేదు, మిగిలిందల్లా ఒక బురుజూ మూడు గోడలూ. కట్టుబాటు మాత్రం చెక్కుచెదరలేదు. ఈస్టర్ నుంచి తొలి మంచు పడేదాకా, పొద్దుగూకేలోపు ఎవరొచ్చి గంట కొట్టినా తీసి చూపించాలి. కోటకి తప్ప తాళంచెవి ఇల్లు దాటకూడదు. అంటే దాన్ని నడుముకి కట్టుకున్న మనిషీ దాటకూడదు. తోట ఇర్మా భర్త కాస్పర్‌ది, ట్రాక్టర్ కాస్పర్‌ది, కోట కాపరి అన్న పేరు కూడా కాస్పర్‌దే. ఆ హోదాతోనే చర్చి ఊరేగింపులో రెండో వరసలో నడుస్తాడు. కొండెక్కడం మాత్రం ఇర్మా వంతు. పెళ్ళైన కొత్తలో, నువ్వెప్పుడూ ఎక్కవేం అని అడిగితే, "నాకు తోటలో పనుంటుంది కదా" అన్నాడు. ఎంత అమాయకంగా అన్నాడంటే, తనకి పనేమీ లేదేమోనని ఇర్మాకే అనుమానం వచ్చింది. ఇరవై రెండేళ్ళు ఆ అనుమానంతోనే ఎక్కి దిగింది.

బురుజు మీద నిలబడితే లోయంతా కనిపిస్తుంది. నదికి రెండు వైపులా ఆపిల్ తోటలు, వాటి పైన గుట్టకో కోట. ఇర్మా వేలెత్తి ఏడింటినీ చూపిస్తుంది. ఏది ఎవరు కట్టారో, ఎవరు తగలబెట్టారో, ఏ కోటలో గోడల మీద బొమ్మలున్నాయో గుక్క తిప్పుకోకుండా చెబుతుంది. చివరికి నది అవతల, సరిగ్గా ఎదురుగా ఉన్న ట్రాస్‌బెర్గ్ కోట చూపించి అక్కాచెల్లెళ్ళ కథ ఎత్తుకుంటుంది. అక్క ఈ కోటకి కోడలు, చెల్లెలు ఆ కోటకి కోడలు. మగవాళ్ళ మధ్య పగ, రాకపోకలు బంద్. చీకటి పడ్డాక అక్క ఇక్కడ దీపం పెడితే, చెల్లెలు తన పడకగది కిటికీలోంచి చూసి అక్కడ దీపం పెట్టేది. బతికే ఉన్నానని చెప్పడానికి. ఈ కథ ఇర్మాకి అత్తగారు చెప్పింది, ఆవిడకి వాళ్ళత్తగారు. ఇది విని కళ్ళు తుడుచుకోని ఆడవాళ్ళు తక్కువ.

ఆ రోజు వచ్చినవాళ్ళలో పెద్దావిడ మాత్రం కళ్ళు తుడుచుకోలేదు. నొసలు ముడిచింది.

"నిన్న మేం ట్రాస్‌బెర్గ్‌లోనే ఉన్నామమ్మా. ఆ పడకగది కిటికీ ఇటువైపు లేదే, వెనకాల కొండవైపుంది. నువ్వు చూళ్ళేదా?"

"చూశాను," అంది ఇర్మా. "ఎప్పుడో చూశాను, మర్చిపోయాను."

అబద్ధం. ఏడు కోటల్లో ఒక్కదాని గడపా తొక్కలేదు ఆమె. కొండ దిగుతుంటే చెవులు కాలిపోయాయి. ఇన్నేళ్ళుగా ఎన్ని వేలమందికి చెప్పింది ఆ కథ? వాళ్ళలో ఎంతమంది అవతలికి వెళ్ళి చూసి నవ్వుకుని ఉంటారు? అది ఒక బాధ. దానికంటే పెద్ద బాధ ఇంకొకటుంది. కంటికెదురుగా, బస్సులో గంట దూరంలో ఉన్నదాన్ని చూడకుండా చూసినదానిలా మాట్లాడడానికి నోరు అలవాటు పడిపోయింది. తన బతుకులో ఇంకా ఏమేం అలా చెబుతోందో? ఇంటికొచ్చి, గిన్నె దాటిన పిండిని ఎత్తి మళ్ళీ పిసికింది. అత్తగారు గిన్నె వంక చూసి నిట్టూర్చింది.

భోజనాల దగ్గర జరిగింది చెప్పింది. కాస్పర్ నవ్వాడు. కిటికీ ఎటుంటే ఏమిటి, కథ బాగుంది కదా, వచ్చినవాళ్ళు సంతోషపడుతున్నారు కదా అన్నాడు. అత్తగారు తను నలభై ఏళ్ళు చెప్పాననీ, ఒక్కళ్ళూ అడగలేదనీ అంది. ఇర్మా చెప్పే తీరులోనే ఏదో లోపం ఉండి ఉంటుందట. గురువారం ట్రాస్‌బెర్గ్ వెళ్ళొస్తానని ఇర్మా అంటే ఇద్దరూ ఒకేసారి తలెత్తారు.

"తాళంచెవి?" అన్నాడు కాస్పర్.

పిల్లలకి జ్వరమొచ్చినప్పుడూ ఆ మాటే, ఇర్మా తల్లి చనిపోయినప్పుడూ ఆ మాటే. తల్లి అంత్యక్రియలకి వెళ్ళి సాయంత్రంలోపే తిరిగొచ్చేసింది. అత్తగారు తను ఏడో నెల కడుపుతో కూడా ఆ కొండెక్కానని గుర్తు చేసింది. నిజమే, ఎక్కి ఉంటుంది. మొదటిసారిగా ఇర్మాకి ఆవిడ మీద కోపం రాలేదు, జాలేసింది.

మూడు రోజులు నిద్ర సరిగా పట్టలేదు. గంట మోగిన ప్రతిసారీ కొండెక్కి, ఆరు కోటల గురించి చెప్పి, ఏడోదాని దగ్గరికొచ్చేసరికి ఆపేసింది. కథ చెప్పలేక, ఏం చెప్పాలో తెలియక, అటు చూస్తూ నిలబడింది.

గురువారం పొద్దున కాఫీ పోసి, నడుముకున్న తాళంచెవి విప్పి కాస్పర్ చెయ్యి పక్కన పెట్టింది.

"గంట మోగితే ఏం చెయ్యను?" అన్నాడు.

"తియ్యి."

"నాకు కథలు రావు కదా ఇర్మా."

"నాకూ రావు," అంది, కోటు వేసుకుంటూ.

ట్రాస్‌బెర్గ్ కింద ఇంట్లో తలుపు తీసిన మనిషి కూడా పనిలోంచే వచ్చింది, చేతులు తడిగా ఉన్నాయి. పేరు ఆనెలీస్. చేతులు తుడుచుకుని తాళంచెవి తీసుకుని ముందు నడిచింది. పడకగది కిటికీ నిజంగానే వెనక కొండవైపుంది. అందులోంచి రాళ్ళు తప్ప ఏమీ కనిపించవు. ఇర్మా దానిముందు చాలాసేపు నిలబడింది. ఆనెలీస్ ఆమెని కోట వంటింట్లోకి తీసుకెళ్ళి, మసి పట్టిన పొయ్యి పక్కన ఉన్న చిన్న కిటికీ చూపించింది. అందులోంచి ఆర్నెక్ కొండ, బురుజు, పైకెక్కే దారి మొత్తం కనిపిస్తున్నాయి. గూట్లో ఒక పాత దుర్బిణి ఉంది. తీరిక దొరికితే ఇక్కడే కూర్చుని చూస్తుంటాననీ, తను ఎప్పుడూ అటు వెళ్ళలేదనీ, తాళంచెవి వదిలి ఎలా వెళ్తాననీ అంది ఆనెలీస్. తనది ఆ ఎదురిల్లేనని ఇర్మా చెప్పగానే ఆమె ముఖం వికసించింది.

"అయితే చెప్పు, ఎంతమంది ఆడవాళ్ళున్నారు మీ ఇంట్లో? ముగ్గురు కదూ? పొద్దున ఎక్కే ఆవిడ చకచకా నడుస్తుంది. మధ్యాహ్నం ఇంకో ఆవిడ, బుట్ట కూడా మోసుకెళ్తుంది. సాయంత్రం వచ్చే ముసలావిడ కుంటుతుంది పాపం. ఆవిణ్ణి ఎందుకమ్మా అలా ఎక్కిస్తారు?"

తను కుంటుతుందని ఇర్మాకి అప్పుడే తెలిసింది.

"ముగ్గురూ నేనే," అంది.

ఆనెలీస్ పక్కన కూర్చుంది. కాసేపయ్యాక దుర్బిణి కళ్ళకి పెట్టుకుని, ఇవాళెవరో మగమనిషి అంది. తోటపనికి మగవాళ్ళు కట్టుకునే నీలం ఏప్రన్‌ని ఆ దారిలో ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూడలేదట. వెనకాల యాత్రికులున్నారు, అతను మాత్రం నాలుగడుగులకోసారి ఆగిపోతున్నాడు. దుర్బిణి ఇర్మాకి ఇచ్చింది.

"దారి తెలిసినట్టు లేదు పాపం. ఎలా ఎక్కుతాడో ఏమో."

ఇర్మా ఒక్కసారి చూసి, దుర్బిణి తిరిగి ఇచ్చేసింది.

"నేర్చుకుంటాడు," అని, పక్క గుట్ట మీది కోటకి బస్సు ఎన్నింటికో అడిగింది.