ఉమ్మడి బోరు

టమోటా తోట ఎండిపోతుంటే పక్కనే ట్యాంకరు నిండుతోంది. పుంగనూరు దగ్గర గుట్టకిందపల్లెలో పట్టపగలు, పదిమంది చూస్తుండగా జరిగిన పని ఇది. గట్టు మీద నిలబడి రాజమ్మ ఆ రెండూ చూసింది. ఆమె కడుపు మండిపోయింది. నిజం దాచి లాభం లేదు గనక చెబుతున్నాను, ఆ మంట కంపెనీ మీద కాదు. తోటికోడలు మునిలక్ష్మి మీద.

నేల అడుగున బండల్లో గ్యాస్ ఉందని, నీళ్ళ ఒత్తిడితో బండల్ని పగలగొట్టి దాన్ని తీస్తామని కంపెనీ వచ్చింది. రిగ్గు నిలబెట్టడానికి మునిలక్ష్మి పొలం రెండెకరాలు లీజుకు తీసుకుంది. అన్నదమ్ములు భూమి పంచుకున్నప్పుడు బోరు మాత్రం ఉమ్మడిగా ఉంచుకున్నారు. వారంలో మూడు రోజులు పెద్దవాళ్ళ వంతు, మూడు రోజులు చిన్నవాళ్ళ వంతు, ఆదివారం మోటారుకు సెలవు. తమ్ముడు చనిపోయాక సేద్యం చేసే దిక్కులేని మునిలక్ష్మి, పొలంతోబాటు తన వంతు నీళ్ళూ కంపెనీకి రాసిచ్చింది. ఆ మూడు రోజులూ మోటారు ఆగకుండా ఆడేది. రాజమ్మ వంతు వచ్చేసరికి బోరు గాలి కక్కేది.

మునిలక్ష్మి ఇంట్లోకి ఫ్రిజ్జు వచ్చింది. వాకిట్లోకి స్కూటీ వచ్చింది. చూడకూడదనుకుంటూనే రాజమ్మ రోజుకు పదిసార్లు చూసేది. ఒకరోజు మునిలక్ష్మి చల్లటి నీళ్ళు పంపితే, "మాకు కుండనీళ్ళే పడతాయి" అని తిప్పి పంపి, తలుపు మూసుకుని ఏడ్చింది. ఊరంతా అట్లాగే తయారైంది. కంపెనీ మనుషులు ఎవరింట్లో అద్దెకు దిగితే ఆ ఇంటితో పక్కింటివాళ్ళకు మాటల్లేవు.

చివరికి రాజమ్మ పుంగనూరులో కంపెనీ ఆఫీసుకు వెళ్ళింది, మొగుడితో కూడా చెప్పకుండా.

"సార్, మా వంతు గూడా తీసుకోండి. ఆయమ్మికి ఇచ్చినట్టే మాకూ ఇయ్యండి."

ఆఫీసరు శరత్ బాబు కాగితం ముందుకు తోశాడు. "చూద్దాం. వేలిముద్ర వేసి వెళ్ళండమ్మా. మీ ఊళ్ళో మాత్రం ఎవరికీ చెప్పొద్దు."

వేలికంటిన సిరా చూసుకుంటూ రాజమ్మ బస్సెక్కింది. మునిలక్ష్మి మొహం ఎట్లా మాడిపోతుందో తలుచుకుంటే ఆమెకు దారంతా హాయిగా ఉంది.

నెల తిరిగేసరికి కంపెనీ తోడిన తోడుకు చుట్టుపక్కల మిగతా బోర్లన్నీ అడుగంటాయి. మదనపల్లె మార్కెట్‌యార్డుకు ఆ ఊరి నుంచి ఒక్క టమోటా పెట్టె పోలేదు. కాయలు కోసే పని పోయి కూలివాళ్ళు పస్తులున్నారు. కూలికి పోయే తిమ్మక్కే ఇల్లిల్లూ తిరిగి అందరినీ పాలకేంద్రం ముందుకు పిలిచింది.

వచ్చినవాళ్ళంతా మునిలక్ష్మిని తిట్టారు. అందరికంటే పెద్దగొంతు రాజమ్మది.

"ఊరి నీళ్ళమ్మి ఫ్రిజ్జు పెట్టుకునిందే, ఆయమ్మిని అడగండి."

తిమ్మక్క చెయ్యెత్తి ఆపింది. "ఆయమ్మ అమ్మింది, సరే. ఆ కంపెనీ సార్ కాడికి పోనోళ్ళు మీలో ఎవురుండారు? ముందుకు రాండి."

ఒక్కరూ కదల్లేదు. రాజమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. అయినా చెప్పింది.

"నేను పోయినా. నా వంతు గూడా ఇస్తానని ఏలిముద్ర ఏసొచ్చినా. దానికొచ్చింది నాకు రాలేదనే కుళ్ళుతో."

"నేనూ పోయినా," అని వెనక నుంచి పక్క పొలం వెంకటేశులు అన్నాడు. తర్వాత ఇంకొకరు, మరొకరు. అందరికీ శరత్ బాబు చెప్పింది ఒకటే మాట, పక్కింటికి తెలియనివ్వొద్దని.

"మీ కుళ్ళే వాడికి పెట్టుబడి," అంది తిమ్మక్క. "మీకు అమ్ముకునేదానికి వంతన్నా ఉండాది. మాకుండేది ఈ చేతులు. అవి గూడా ఊరికే ఉండాయి."

ఓ మూల కూర్చున్న మునిలక్ష్మి అప్పుడు తలెత్తింది. "అక్కా, సంతకం పెట్టే పొద్దు వద్దని ఒక్కమాట చెప్పినావా? మొగం తిప్పుకుంటివి. నాకు ఎవురుండారని అడగాల?"

రాజమ్మ వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. కాగితాలన్నీ వెనక్కి తెచ్చుకోవాలని, అంతదాకా కంపెనీకి ఒక్క చుక్క పోనివ్వకూడదని ఆ సాయంత్రమే తీర్మానించారు.

తెల్లారి మునిలక్ష్మి స్టార్టరు పెట్టె తెరిచి ఫ్యూజులు పీకేసింది. "ఈ పొద్దు నా వంతు. నా వంతులో మోటారు ఆడదు." రైతులూ కూలీలూ కలిసి ట్యాంకర్ల దారికి అడ్డంగా కూర్చున్నారు. శరత్ బాబు పోలీసుల్ని వెంటబెట్టుకొచ్చాడు.

"మునిలక్ష్మి ఎవరు? జీపెక్కు," అన్నాడు ఎస్సై.

మునిలక్ష్మి లేచి నడిచింది. జనం దారిచ్చి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు వినగానే రాజమ్మ కడుపులో మళ్ళీ మంట లేచింది. చిన్నది ముందు పోవడమా? కానిస్టేబుల్‌ని తోసుకుని వెళ్ళి జీపులో కూర్చుంది.

"నీ పేరు లేదమ్మా, దిగు."

"లేకుంటే రాసుకో సార్. రాజమ్మ. దాని పేరుకు పైన రాయి, పెద్దకోడల్ని నేను."

"కూలోళ్ళ పేర్లు యాడ రాస్తారు సార్?" అంటూ తిమ్మక్క ఎక్కింది. వెనక ఊరంతా లేచింది. నా పేరు ముందంటే నా పేరు ముందని జీపు చుట్టూ తోసుకున్నారు. ఎస్సై రెండో జీపు కోసం ఫోన్ చేశాడు. కాసేపటికి వ్యాను అడిగాడు. ఆఖరికి మదనపల్లె నుంచి బస్సు పంపమన్నాడు.