కూర్చోవడానికి వచ్చాం

ఆసుపత్రికి వెళ్లిన అత్తగారు పది గంటలకల్లా ఇంటికి రావాలి. పదకొండున్నరకు వచ్చింది. చెప్పులు కూడా విడవకుండా కోడలి కుట్టుమిషన్ పక్కనున్న స్టూలు మీద కూలబడింది. ముఖం కందిపోయి ఉంది. మోచేతి దగ్గర చర్మం గీసుకుపోయి నెత్తురు చెమర్చింది.

"పడ్డారా అత్తయ్యా?" అంది కోడలు, కుడుతున్న చొక్కా పక్కన పెట్టి.

"పడలేదు. లేపారు."

అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు. ముప్పై ఒక్క ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసిన మనిషి ఆవిడ. మామూలుగా అయితే ఆసుపత్రిలో కనపడిన ప్రతి మనిషి గురించీ, వాళ్ల చుట్టాల గురించీ అన్నం వేళదాకా చెబుతుంది. అలాంటి మనిషి నోరు మూసుకుని కూర్చుంటే కోడలికి భయమేసింది.

అసలు సంగతి సాయంత్రం తెలిసింది. చౌరస్తాలో చెప్పులు కుట్టే అతను, తెగిన బ్యాగు జిప్పు వేయించుకోవడానికి వచ్చి చెప్పాడు.

"బెంచీలు తీసేశారు కదమ్మా నిన్న. పాపం పెద్దమ్మగారికి తెలీదు. అలవాటుకొద్దీ అక్కడిదాకా నడిచొచ్చి చూస్తే ఏముంది, సిమెంటు కుండీలున్నాయి. కుండీ అంచుమీద కూర్చుందామంటే ఇనప మేకులు పెట్టారు. సరేనని కొత్త షాపింగు బిల్డింగు మెట్టు మీద కూర్చుంది. ఆ సెక్యూరిటీవాడు వచ్చి, 'లేవమ్మా, ఇది కూర్చునే చోటు కాదు' అని చెయ్యి పట్టి లాగాడు. గోడకి గీసుకుంది. నేను పరిగెత్తుకెళ్లేసరికే లేచి నిలబడింది. అరగంట అలా గోడ పట్టుకునే ఉందమ్మా. మీకు ఫోన్ చేస్తానంటే వద్దంది."

ఊళ్లో అందరూ టైలరమ్మ అని పిలిచే ఆ కోడలి చేతిలో జిప్పు అలాగే ఉండిపోయింది. ఆమెకు కోపం కొత్త కాదు. కాజాలు వంకరపోయినా, ఇస్తానన్న రోజుకి బట్ట ఇవ్వలేకపోయినా తన మీద తనకే కోపం. అదంతా ఒక టీ తాగితే పోయేది. ఆ రోజు పొయ్యి మీద పెట్టిన టీ పొంగి, పొయ్యి ఆరిపోయినా ఆమె చూసుకోలేదు.

చౌరస్తాలో పాత పోస్టాఫీసు ముందు, రెండు పెద్ద చెట్ల కింద, అర్ధచంద్రంలా ఏడు నల్లరాతి బెంచీలు ఉండేవి. పనికోసం ఎదురుచూసే కూలీలు, బస్సుకోసం పిల్లలు, పాలిచ్చే తల్లులు, పేపరు చదువుతూ కునికే రిటైర్డు ఉద్యోగులు, అందరూ అక్కడే. అత్తగారికైతే అది ఇంటికీ ఆసుపత్రికీ సరిగ్గా నడిమధ్య. వారానికి రెండుసార్లు మోకాళ్లకు కసరత్తు చేయించుకోవడానికి ఒక్కతే వెళ్లేది. ఆ మోకాళ్లు పావుగంటకు మించి మొయ్యవు. మధ్యలో కూర్చునే చోటు ఉంటేనే ఆవిడకు ఆసుపత్రి ఉన్నట్టు.

మర్నాడే టైలరమ్మ మునిసిపల్ ఆఫీసుకు వెళ్లింది. ఇంజనీరు మర్యాదగానే మాట్లాడాడు. కంప్యూటరు ఆమె వైపు తిప్పి రంగుల బొమ్మ చూపించాడు. చౌరస్తా సుందరీకరణ అట. బొమ్మలో ఫౌంటెను, పూలకుండీలు, సన్నగా రివటల్లా ఉన్న మనుషులు.

"ఇందులో ఒక్కరూ కూర్చుని లేరేంటండీ?"

"అది నడిచే ప్రదేశమమ్మా."

"నడవలేనివాళ్లో?"

ఇంజనీరు ఒక క్షణం ఆలోచించాడు. "అలాంటివాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లకే క్షేమం కదమ్మా" అన్నాడు, తన తల్లికి చెప్పినంత ప్రేమగా.

ఆ ప్రేమకే ఆమెకు ఒళ్లు మండింది. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదనుకుంది. అక్కడే బల్ల మీద తెల్లకాగితం అడిగి తీసుకుని, బెంచీలు ఎవరు తీశారు, ఎందుకు తీశారు, ఇప్పుడెక్కడున్నాయి అని మూడు ప్రశ్నలు రాసి, నకలు మీద ముద్ర వేయించుకునిగానీ కదల్లేదు.

ఇంటికొచ్చి చెబితే, బస్సు డ్రైవరుగా చేసే భర్త తల పట్టుకున్నాడు. "మనకెందుకే ఈ గొడవ? వాళ్లతో పెట్టుకోవడమంటే గోడకి తల కొట్టుకోవడమే."

"తల నాదేగా. మీకేం నొప్పి?"

"అది కాదే..."

"మీ అమ్మని చెయ్యి పట్టి ఈడ్చారు. అది మీకు గొడవలా లేదు. నేను కాగితం రాస్తే గొడవైందా?"

అతను లేచి వెళ్లిపోయాడు. రెండు రోజుల తర్వాత, డ్యూటీ దిగి వచ్చి మిషన్ మీద ఒక కాగితాల కట్ట పడేశాడు. బెంచీలు తిరిగి పెట్టాలని పైన రెండు వాక్యాలు, కింద సంతకాలు. తన సీటు వెనక తాడుతో పెన్ను వేలాడదీశాడట. నాలుగు వందల పన్నెండు సంతకాలు. "బస్సు కుదుపులకి కొన్ని వంకరగా వచ్చాయిలే" అన్నాడు, ఆమె ముఖం చూడకుండా.

మూడు వారాలకు ఆఫీసు నుంచి జవాబొచ్చింది. 'సదరు బెంచీలు శిథిలావస్థలో ఉన్నందున ఏడింటినీ పగలగొట్టి చెత్తగా తొలగించడమైనది.' అడుగున ఇంజనీరు సంతకం.

ఈలోగా అత్తగారు గడప దాటడం మానేసింది. ఆటోలో తీసుకెళ్తానంటే, "బరువులా మోసుకెళ్తావా నన్ను? వద్దులే అమ్మాయ్" అనేది. కసరత్తు ఆగిపోయింది. నెల తిరిగేసరికి స్నానాలగదికి వెళ్లాలన్నా గోడ పట్టుకోవలసి వచ్చింది. గోడ మీద ఆవిడ అరచేతి ఎత్తున ఒక మురికి చార ఏర్పడింది. దాన్ని చూసినప్పుడల్లా టైలరమ్మకు ఇంజనీరు గొంతు వినిపించేది, ఇంట్లో ఉంటే క్షేమం కదమ్మా అని.

చౌరస్తా సుందరీకరణ మీద అభ్యంతరాలు వినే సమావేశం మునిసిపల్ హాలులో జరిగింది. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. ఆమె సంతకాల కట్ట బల్ల మీద పెట్టి మాట్లాడుతుంటే ఇంజనీరు లేచి, "బెంచీలుంటే తాగుబోతులు చేరుతున్నారని ఫిర్యాదులు వచ్చాయి" అన్నాడు.

"ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటారా? తాగుబోతు కూర్చుంటున్నాడని బెంచీ తీసేశారు. రేపు నడుస్తున్నాడని రోడ్డు కూడా పీకేస్తారా?"

హాలు గొల్లుమంది. అధ్యక్షుడు గంట కొట్టాడు. "మీ అభిప్రాయం నమోదు చేసుకున్నామమ్మా. తరువాతి వారు."

అంతే. ఆమె బయటికొచ్చేసింది. అంతమంది నవ్వినా ఎవరికీ ఏమీ పట్టలేదు. బాగా మాట్లాడావని భుజం తట్టినవాళ్ల మీద కూడా ఆమెకు కోపం వచ్చింది.

మరుసటి వారం ఒక ముసలి తాపీమేస్త్రీ ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వచ్చాడు. మాటల్లో టైలరమ్మ ఆఫీసు జవాబు చదివి వినిపించింది. ఆయన అంతెత్తున లేచాడు.

"శిథిలమా? వాళ్ల బుర్రలు శిథిలం! పాత వంతెన కూలిస్తే వచ్చిన రాళ్లమ్మా అవి. ముప్పై ఏళ్ల కింద నా చేతులతో చెక్కి నిలబెట్టాను. లారీ ఎక్కినా పగలవు." ఆయన గొంతు తగ్గించాడు. "అయినా అవి పగిలిపోయాయని ఎవరు చెప్పారు? మొన్న టైల్సు మార్చడానికి ఆ షాపింగు బిల్డింగు వెనక కాఫీ షాపుకి వెళ్లాను. పెరట్లో నాలుగు ఉన్నాయి. మీద మెత్తటి దిండ్లు వేశారు. వేరే రాళ్లేమో అనుకుని ఊరుకున్నా."

"మీవేనని ఎలా తెలుస్తుంది?"

"అడుగున ఉలితో మూడు గీతలు కొడతాను. నా పని మీద అది నా సంతకం."

టైలరమ్మ టేపు మెడలోనే ఉంచుకుని చెప్పులు కుట్టే అతని దగ్గరికి పరిగెత్తింది.

బుధవారం పదకొండు గంటలకు టైలరమ్మ, చెప్పులు కుట్టే అతను, మేస్త్రీ, ఆ బెంచీల మీద రోజూ కూర్చునేవాళ్లు కొందరు, మొత్తం తొమ్మిదిమంది ఆ కాఫీ షాపు పెరట్లోకి నడిచారు. డ్రైవరు సెలవు పెట్టి, ఆసుపత్రి నుంచి అడిగి తెచ్చిన చక్రాల కుర్చీలో తల్లిని తోసుకొచ్చాడు. ఆవిడ కుర్చీ దిగి, కొడుకు భుజం పట్టుకుని, నల్లరాతి బెంచీ మీద కూర్చుని రాయిని చేత్తో తడిమింది. "ఇదే. ఈ మూల చిన్న సొట్ట ఉండేది. బొటనవేలు పెట్టుకునేదాన్ని" అంది.

మెనూ కార్డుతో ఒక అమ్మాయి వచ్చింది. "ఏం తీసుకుంటారండీ?"

"ఏమీ తీసుకోం. కూర్చోవడానికి వచ్చాం" అంది టైలరమ్మ.

"సారీ అండీ, ఇక్కడ కస్టమర్లు మాత్రమే..."

అత్తగారు గొంతు సవరించుకుంది. ఎన్ని నెలలకో ఆ ఆపరేటరు గొంతు మళ్లీ బయటికి వచ్చింది. "మీ ఓనరుకి లైన్ కలుపమ్మా. తొందరేం లేదు. నేను ఆగుతాను."

ఓనరు వచ్చాడు. ఆ షాపింగు బిల్డింగు కూడా అతనిదే. మొదట బతిమాలాడు, తర్వాత అరిచాడు, ఆ తర్వాత పోలీసులకు ఫోన్ చేశాడు. ఒక కానిస్టేబులు వచ్చి లేవమన్నాడు. మేస్త్రీ ఆ ముసలితనంలోనే నేల మీద వెల్లకిలా పడుకుని బెంచీ కిందికి జరిగి, "బాబూ, ఆ ఫోన్ లైటు ఇలా కొట్టు" అన్నాడు. కానిస్టేబులు వంగి చూశాడు. మూడు గీతలు. రెండో బెంచీ కిందా అవే.

టైలరమ్మ ఆఫీసు ఉత్తరం అతని చేతిలో పెట్టింది. అతను రెండుసార్లు చదివాడు. "పగలగొట్టి పారేశామని రాసుందే!"

"అదే అడుగుతున్నాం. పారేసిన చెత్త మీద కూర్చోవడానికి ఈయన కాఫీ మేమెందుకు కొనాలి?"

"నేను మునిసిపాలిటీ దగ్గర తీసుకున్నాను" అన్నాడు ఓనరు.

"కాగితం చూపించండి."

కాగితం లేదు. పక్క బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరు ఇదంతా ఫోన్లలో తీస్తున్నారు. కానిస్టేబులు టోపీ తీసి తల గోక్కుని, "నేను ఎవర్నీ లేపలేనండీ" అన్నాడు ఓనరుతో.

తొమ్మిదిమందీ ఆ పూటంతా అక్కడే కూర్చున్నారు. గురువారం వెళ్లారు. శుక్రవారం వెళ్లేసరికి పెరటి గేటుకు తాళం ఉంది. కానీ అప్పటికే ఆ వీడియో ఊరంతా చూసింది.

సోమవారం నాలుగు బెంచీలూ చౌరస్తాకు తిరిగొచ్చాయి. తెచ్చినవాళ్లు ఊరికే తేలేదు. ఎవరూ నడుం వాల్చకుండా ఒక్కో బెంచీ మధ్యలో ఒక ఇనప కడ్డీ బిగించారు. మెరిసే ఇత్తడి పలక కూడా పెట్టారు, ఫలానా షాపింగు భవనం యజమాని నగరానికి సమర్పించిన కానుక అని.

ఆ పలక చదివినప్పుడు టైలరమ్మకు చెవులు గుయ్యిమన్నాయి. దొంగిలించినవాడు దాత అయ్యాడు. ఇంజనీరుకు ప్రమోషన్ ఇచ్చి వేరే ఊరికి పంపారు. క్షమించమని ఒక్కరూ అనలేదు, అత్తగారి చెయ్యి పట్టి లాగిన మనిషితో సహా.

ఆమె ఇంటికెళ్లి మిషన్ సామాన్ల డబ్బాలోంచి స్క్రూడ్రైవరు తెచ్చింది. పట్టపగలు, ఆ సెక్యూరిటీవాడు చూస్తుండగానే పలక నాలుగు మరలూ విప్పింది. అతను రెండడుగులు వేశాడు. ఆమె అతని కళ్లలోకి చూసింది. అతను ఆగిపోయాడు.

ఆ పలకను తీసుకెళ్లి కొత్త ఇంజనీరు బల్ల మీద పెట్టింది. "మిగతా మూడు బెంచీలు ఏవి?"

"నాలుగు వచ్చాయి కదమ్మా, సంతోషించండి."

"ఏడు గుండీల చొక్కాకి నాలుగే కుట్టి ఇస్తే, తొడుక్కుని సంతోషిస్తారా మీరు?"

అతను పలకను పక్కకు జరిపాడు. ఆమె కొత్త దరఖాస్తు తీసింది. మూడు బెంచీలు, నాలుగు కడ్డీలు, కుండీల మీది మేకులు, అన్నీ విడివిడిగా రాసుకొచ్చింది. ముద్ర పడేదాకా బల్ల ముందే నిలబడింది.

అత్తగారి కసరత్తు మళ్లీ మొదలైంది. పోయిన నెలల్లో పోయిన బలం సగమే వచ్చింది. చౌరస్తాదాకా రావాలంటే ఇప్పుడు కోడలి చెయ్యి కావాలి. బెంచీ మీద కూర్చున్నప్పుడల్లా మధ్యలోని కడ్డీని చేతికర్రతో ఒక్కటి కొట్టి, "ఇదెప్పుడు తీస్తారే?" అని అడుగుతుంది. డ్రైవరు సీటు వెనక తాడుకు కొత్త పెన్ను కట్టాడు. సంతకాలు ఆరువందలు దాటాయి.