అటు తిరిగి నిలబడు

మా ఆయన ట్రెవర్ దగ్గర మూడు కెమెరాలు, పదకొండు లెన్సులు, నాలుగు ట్రైపాడ్లు, ఒక భార్య ఉన్నాయి. భార్యను కూడా ఆ వరసలో కలిపి 'ఉన్నాయి' అంటున్నానంటే తప్పు నాది కాదు. కెమెరాలకీ లెన్సులకీ తలా ఒక మెత్తటి సంచీ ఉంది. ఆ సంచీలు మోయడానికి నేనున్నాను. నాకు ఎర్ర కోటు ఉంది.

ఆ కోటు కథ చెప్పాలి. తొమ్మిదేళ్ల కిందట మా ఊరి ఫొటో క్లబ్బు పోటీకి బయటి నుంచి ఒక జడ్జి వచ్చాడు. ట్రెవర్ తీసిన బీడు కొండల ఫొటో ముందు నిలబడి, గడ్డం గోక్కుని, "బాగుంది, కానీ కన్ను ఆగడానికి చోటే లేదు. దూరంగా ఎర్ర కోటు వేసుకున్న మనిషి ఒకరుంటే ఎంత బాగుండేది!" అన్నాడు. ఇరవైకి పదిహేను వేశాడు. ఆ శనివారమే ట్రెవర్ నాకు ఎర్ర కోటు కొనుక్కొచ్చాడు. పెళ్లయిన ఇరవై ఏడేళ్లలో ఆయన తనంతట తాను నాకు కొన్న మొదటి బట్ట అది. నేను మురిసిపోయాను కూడా, పిచ్చిదాన్ని.

అప్పట్నుంచి ప్రతి శనివారమూ అంతే. డన్‌స్టన్‌బరా కోట దగ్గర రాళ్ల మీద, ఇసుక దిబ్బల మీద, చెవియట్ కొండల బురదలో, నేను ముందు నడవాలి, ఆయన వెనక నుంచి అరవాలి.

"ఇంకొంచెం ఎడమకి, బంగారూ! ఆ రాయి దాటు. ఆగు! అటు తిరిగి నిలబడు."

"గాలి చంపేస్తోంది ట్రెవర్!"

"వీచనీ. కోటు ఎగిరితే ఇంకా మంచిది."

ముఖం మాత్రం కనిపించకూడదు. వాళ్ల క్లబ్బులో అది వేదం. ముఖం కనిపిస్తే చూసేవాడి కన్ను అక్కడే అతుక్కుపోయి కొండంతా వృథా అవుతుందట. క్లబ్బులో సగం మంది ఇళ్లలో ఒక ఎర్ర కోటు, దాని లోపల ఒక భార్య ఉన్నారు. గురువారాలు చర్చి హాల్లో టీ కాచేటప్పుడు సెక్రటరీ భార్య నోరీన్ నన్ను అడిగేది, "ఈ వారం దేనికి వీపు చూపించావే?" అని.

"సముద్రానికి. నువ్వు?"

"లైట్‌హౌస్‌కి. ముందువైపు చూపించినా అది వెలిగేది కాదులే."

ఇద్దరం పడీపడీ నవ్వేవాళ్లం. అప్పటికింకా నవ్వడం వచ్చు నాకు.

కిందటేడు ఫిబ్రవరిలో నా ఎడమ చెవి కింద గోళీకాయంత గడ్డ తేలింది. ఏప్రిల్‌కల్లా ఎడమ చెంప జారిపోవడం మొదలుపెట్టింది. టీ తాగితే ఆ మూల నుంచి కారేది. కన్ను పూర్తిగా మూతపడేది కాదు. సర్జన్ మిస్ ఫెన్విక్ సన్నగా, పొడుగ్గా, మాట మెత్తగా ఉన్న మనిషి. గడ్డ తీసేయాలంది, దానితోపాటు ముఖాన్ని కదిలించే నరం కూడా పోతుందంది. కాలి నుంచి ఇంకో నరం తెచ్చి అతికిస్తానని, మూతి మూలని పైకి లాగి కుడతానని చెప్పింది.

"ఎంత పైకి లాగాలన్నదే చిక్కు," అంది. "ఒక్కొక్కరి నవ్వు ఒక్కోలా ఉంటుందండీ. మీది నేను చూడలేదు. ఈ మధ్య మూడు నాలుగేళ్లలో మీరు నవ్వుతుండగా ఎదురుగా తీసిన ఫొటో ఒకటి తెచ్చిపెట్టండి. దాన్ని బట్టి కుడతాను."

ట్రెవర్ ఫక్కున నవ్వాడు. "మా ఇంట్లోనా ఫొటోలకి కరువు? తోపుడు బండికెత్తి తెస్తాను డాక్టర్!"

ఆ మాటకు నాకు కూడా ధైర్యం వచ్చింది. ఇన్నేళ్లు మోసిన సంచీలు ఇవాళ్టికి పనికొచ్చాయనుకున్నాను.

ముందు సొరుగులు వెతికాం. పాస్‌పోర్టు ఫొటోలో నవ్వకూడదు, బస్సు పాసులోనూ అంతే. రెండిట్లోనూ జైల్లో వేయబోతున్నట్టే ఉన్నాను. పెళ్లి ఫొటోలో నవ్వున్నా, ఆ పళ్లన్నీ పీకించి కొత్తవి కట్టించుకుని పన్నెండేళ్లయింది, ఆ మూతే ఇప్పుడు లేదు. చుట్టాల పెళ్లిళ్లలో ఎక్కడా నేను లేను. ఫొటోలు తీసేది ట్రెవర్, ఆయన పక్కన సంచీ పట్టుకుని నిలబడేది నేను. ట్రెవర్ ఉండగా ఇంకెవరు తీస్తారు నన్ను?

తర్వాత కంప్యూటర్ తెరిచాం. నలభై ఒక్క వేల ఫొటోలు. తేదీ, చోటు, నక్షత్రాల గుర్తులతో సహా పద్ధతిగా సర్ది ఉన్నాయి. మూడు మధ్యాహ్నాలు కూర్చున్నాం. కొండ, వీపు. ఇసుక, వీపు. కోట, మంచు, వీపు. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని. నా వీపు ఇంత వెడల్పని నాకు ఆ మూడు రోజుల్లోనే తెలిసింది.

పైగా ట్రెవర్ మధ్యలో ఆగిపోయేవాడు. "అబ్బ, ఈ మబ్బు చూడు బెరిల్! దీనికి మూడు నక్షత్రాలే ఎలా ఇచ్చానబ్బా?"

"నా మూతి వెతుకుతున్నాం ట్రెవర్."

"వెతుకుతున్నాగా," అని ఆ మబ్బుకి నాలుగో నక్షత్రం పెట్టాడు. ట్రైపాడ్ తీసుకుని నెత్తిన ఒక్కటి వేయాలనిపించింది.

మూడో రోజు నాకు ఠక్కున గుర్తొచ్చింది. అంతకు ముందటి మే నెల. నేను ఎప్పటిలాగే ఇసుకలో అటు తిరిగి నిలబడ్డాను. ట్రెవర్ ఒక చేతిలో కెమెరా మీట తీగ, ఇంకో చేతిలో కాగితంలో చుట్టిన వేయించిన చేప. సీగల్ పక్షి ఒకటి వచ్చి చేపని తన్నుకుపోయింది. ఆయన పెట్టిన కేకకి గిరుక్కున తిరిగి చూశాను. ఖాళీ కాగితం పట్టుకుని ఆకాశాన్ని బూతులు తిడుతున్నాడు. పొట్ట పట్టుకుని నవ్వాను. సరిగ్గా అప్పుడు ఆయన బొటనవేలు మీట మీద పడింది. కెమెరా టక్కుమనడం నా చెవులతో విన్నాను.

"అదీ! అదుంది!" అని అరిచాను. ట్రెవర్ కూడా హుషారుగా ఆ రోజు ఫైలు తెరిచాడు. 4416, వీపు. 4417, వీపు. ఆ తర్వాత 4419. వీపు.

4418 లేదు.

ట్రెవర్ వెనక్కీ ముందుకీ రెండుసార్లు తిప్పాడు. "తీసేసి ఉంటాను," అన్నాడు.

"ఎందుకు?"

"ఆదివారం చెడిపోయినవన్నీ తీసేస్తాను కదా. కెమెరాలో కార్డు కూడా తుడిచేస్తాను."

"అది చెడిపోయిందా?"

ఆయన నావైపు చూశాడు. అందులో బుకాయింపు లేదు, అదే నాకు ఎక్కువ మంట. "నువ్వు కెమెరాలోకి చూశావు, బెరిల్," అన్నాడు, తప్పు నేనే చేసినట్టు.

మిస్ ఫెన్విక్‌తో సంగతి చెప్పడానికి నాకే సిగ్గేసింది. ఆవిడ ట్రెవర్‌నీ, ఆయన భుజాన ఉన్న కెమెరా సంచీనీ చూసింది. "సరే, ఇప్పుడు ఎలా ఉన్నారో అలాగే తీసి పంపండి. నవ్వుతూ ఒకటి, నవ్వకుండా ఒకటి, మామూలు వెలుతురులో. కుడివైపు కొలిచి ఎడమవైపు ఊహిస్తాను. ఆపరేషన్ సోమవారం కాబట్టి బుధవారంలోగా నాకు అందాలి," అంది.

శనివారం పొద్దున వంటింటి కిటికీ దగ్గర ట్రెవర్ నన్ను కూర్చోబెట్టాడు. వెనక నల్లగుడ్డ కట్టాడు. వెలుతురు కిందినుంచి పడడానికి వెండి అట్ట ఒకటి నా గడ్డం కింద నాచేతే పట్టించాడు. గంటన్నర పట్టింది. అన్నేళ్లలో మొదటిసారి ఆయన లెన్సు నా ముఖం మీద ఉంది. "నవ్వు, బంగారూ," అన్నాడు. నవ్వాను. కుడివైపు లేచింది, ఎడమవైపు అక్కడే ఉండిపోయింది. ఏడుపొచ్చింది. మూతపడని కంటినుంచి నీళ్లు కారాయి. "కదలకు. అంతే, అలాగే," అన్నాడు ట్రెవర్, గొంతు వణుకుతూ. నా కోసమే వణికిందనుకున్నాను. ఆ రోజు అన్నీ మన్నించేశాను. ఆదివారం కూర చేసి, ఆయనకిష్టమని మాంసం చివరి ముక్క కూడా ఆయనకే పెట్టాను.

గురువారం క్లబ్బు సంవత్సరం పోటీ. ఆపరేషన్ తర్వాత నెలల తరబడి గడప దాటనని, కండువా మూతికి అడ్డంగా చుట్టుకుని నేనూ వెళ్లాను. వెనక వరసలో నోరీన్ పక్కన కూర్చున్నాను. ఒక్కో ఫొటో తెచ్చి దీపం కింద చెక్క స్టాండు మీద పెడుతున్నారు. కొండలు వచ్చాయి, పడవలు వచ్చాయి. తర్వాత నేను వచ్చాను.

టీ ట్రే అంత పెద్దగా, నలుపు తెలుపులో. జారిన చెంప, తెరుచుకున్న కన్ను, దాని కింద నీటి చార. పేరు 'మిగిలిన నవ్వు' అని చదివారు.

జడ్జి కళ్లజోడు తీసేశాడు. "నేను మామూలుగా ఇంత వేయను," అన్నాడు. "కానీ దీన్ని తీసినవాడికి ధైర్యం ఉంది. చూడడం తెలుసు. ఇరవై."

చప్పట్లు కొట్టారు. నోరీన్ కొట్టలేదు. ట్రెవర్ కుర్చీలు దాటుకుంటూ నా దగ్గరికి వచ్చాడు, కళ్లనిండా నీళ్లతో, పెళ్లినాటి ముఖంతో.

"ఇరవై, బెరిల్! ఇరవైకి ఇరవై! నీవల్లే!"

"మిస్ ఫెన్విక్‌కి పంపావా?" అన్నాను.

"ఆఁ?"

"ఫొటోలు. నిన్నటిలోగా కదా."

"ఇది ప్రింటు వేయించి అట్ట కట్టేసరికే... రేపు పొద్దున్నే పంపేస్తాను. ఒక్క రోజుకి ఏమవుతుంది?"

నాకు కోపం కూడా రాలేదు. లోపల ఏదో చల్లబడిపోయింది. నోరీన్ చెయ్యి పట్టుకుని హాలు వెనక ఉన్న వంటగదిలోకి లాక్కెళ్లాను. కండువా తీసేశాను. "నీ ఫోను తీ. ఎదురుగా ఒకటి, నవ్వుతూ ఒకటి. ఇప్పుడే పంపుదాం, నంబరు నా దగ్గరుంది," అన్నాను. నోరీన్ ఫోను తీసింది. టీ కప్పుల బల్లకి ఆనుకుని, ట్యూబులైటు కింద నిలబడ్డాను.

ట్రెవర్ వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఆ లైటు కింద వద్దు, కళ్ల కింద నీడలు పడతాయి," అన్నాడు.

"నొక్కవే నోరీన్," అన్నాను.

మిస్ ఫెన్విక్ ఊహించే కుట్టింది. చేయగలిగినంతా చేసింది, ఆవిడ చేతులు చల్లగా ఉండాలి. తొమ్మిది నెలలకి ఎడమ చెంపలో చిన్న జలదరింపు మొదలైంది. మొన్న అద్దంలో చూసుకుంటే రెండు మూలలూ లేచాయి. మంచి నవ్వే. కాకపోతే ఎవరిదో తెలియలేదు. ఎడమవైపు ఇంతే లేచేదా, తక్కువ లేచేదా, ఎవరిని అడగను? ముప్ఫై ఆరేళ్లు నాతో ఒకే బల్ల దగ్గర తిన్న మనిషినే అడగాలి.

వంటింట్లో ఆయన ఎదురుగా కూర్చుని నవ్వాను. "చెప్పు. ఇలాగే ఉండేదా?"

ట్రెవర్ కప్పు కింద పెట్టాడు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. బల్ల మీదికి వంగి చాలాసేపు చూశాడు. అబద్ధం చెబితే బాగుండునని నేను ఎదురుచూశాను.

"నాకు తెలీదు, బెరిల్," అన్నాడు.