రెండుతో భాగించిన చోట

పెద్దాయన నోరు విప్పితే ఎదుటివాడి నిరూపణ ముక్కలైపోవాల్సిందే. అందుకే లెక్కల విభాగంలో అందరూ చాటుగా ఆయన్ని కసాయి అనేవారు. ఆయన తమ్ముడిదీ అదే విభాగం, పాపం, నోట్లో నాలుక లేని మనిషి. సమీకరణాల్లోంచి పుట్టే వక్రతలాలే ఇద్దరికీ లోకం. పని పూర్తయి సభలో నెగ్గేదాకా ఏదీ కాగితం మీద పెట్టకూడదు, బోర్డు మీద రాసి చెరిపేయాలి. అది అన్న పెట్టిన నియమం. తమ్ముడు తు.చ. తప్పేవాడు కాదు.

పెద్దాయన పేరంతా ఒకే ఒక్క సిద్ధాంతం మీద నిలబడింది. దాని ధ్యాసలో పడి కట్టుకున్నదాన్ని కూడా దూరం చేసుకున్నాడు. ఆ రోజు నిండు సభలో తమ్ముడు దాన్నే బోర్డెక్కించాడు.

"అన్నయ్యా, ఇక్కడ రెండుతో భాగించావు. ఒకటీ ఒకటీ కలిపితే సున్నా వచ్చే, అంటే రెండే సున్నా అయిపోయే సంఖ్యా లోకాలున్నాయి కదా. అక్కడ ఇది సున్నాతో భాగించడమే. సిద్ధాంతం నిలబడదు."

చిన్నపిల్లలు చేసే తప్పు! వెనక బెంచీలో ఎవడో కిసుక్కున నవ్వాడు. పెద్దాయనకు ఒళ్లు తెలియలేదు.

"నా దగ్గర నేర్చుకుని నాకే గోతులు తవ్వుతావురా?"

ఇనప కుర్చీ ఎత్తాడు. మొదటి దెబ్బకు సుద్దముక్క పట్టుకున్న వేళ్లు విరిగాయి.

"ఆగు అన్నయ్యా, ఇంకా ఉంది..."

ఏముంది ఇంకా, నా బొంద! రెండో దెబ్బ తల మీద పడింది. బోర్డు మీద నెత్తురు చిమ్మింది. ఆపబోయిన గుమాస్తా పళ్లు రాలాయి. నలుగురు పెడరెక్కలు విరిచి పట్టుకుంటే గానీ కుర్చీ వదల్లేదు.

బెయిలు మీద బయటికొచ్చి ఆసుపత్రికి పోతే, గుమ్మంలోనే తమ్ముడి భార్య చెంప పగలగొట్టింది.

"మీ సిద్ధాంతంలో ఆ కంత ఆయన నిరుడే చూశారు బావగారూ. పూడ్చే దారి దొరికేదాకా నోరెత్తనన్నారు. దొరికింది! ముందు కంత చూపించి, తర్వాత పూడ్చి చూపిస్తా, అన్నయ్య పేరు పదికాలాలుంటుందన్నారు. మీరు ఆగారా?"

"ఎక్కడైనా రాశాడా, అమ్మా?"

"రాయనిచ్చారా మీరు?" అని రెండో చెంప కూడా వాయించింది.

పెద్దాయన మంచం దగ్గర కూలబడ్డాడు. కట్ల మధ్య నుంచి తమ్ముడు గుర్తుపట్టి నవ్వాడు.

"కంత ఉందని గుర్తుంది అన్నయ్యా. ఎలా పూడ్చానో ఎంత ఆలోచించినా రావట్లేదు. నీకు తెలిసే ఉంటుంది, చెప్పవూ?"

పెద్దాయన మంచం కమ్మీకేసి నుదురు బాదుకున్నాడు. నర్సులు వచ్చి లాగినా, నెత్తురు కారుతున్నా, బాదుకుంటూనే ఉన్నాడు.