నిండు మోతాదు

మందులు కొనుక్కోలేనివాళ్ల కోసం నర్సమ్మ ఆసుపత్రి వరండాలో ఒక బీరువా పెట్టించింది. ఇళ్లల్లో మిగిలిపోయిన మాత్రలు ఎవరో ఒకరు తెచ్చిస్తారు. గడువు చూసి, డాక్టరు చీటీ చూసి ఆమే పంచుతుంది. రిటైరైనా ఆ తాళంచెవి ఆమె కొంగునే ఉంది.

దర్జీకి షుగరు ఎంతకీ దిగిరావడం లేదని డాక్టరు మాత్ర బలం పెంచుతూ వచ్చాడు. ఈసారి నెలకు సరిపడా బీరువాలోనే దొరికాయి.

"ఒక్కటి కూడా వదలకూడదు. రక్తపరీక్షలో దొరికిపోతావు," అంది నర్సమ్మ.

"దొరికితే ఏం చేస్తారమ్మా, కొలతలు తీసి చొక్కా కుడతారా?" అన్నాడు దర్జీ. వెనక నిలబడ్డ భార్య నవ్వి, మాత్రలు సంచిలో భద్రంగా పెట్టుకుంది.

వారం తిరక్కుండానే ఆమె చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది. నర్సమ్మ వెళ్లేసరికి దర్జీ మిషను మీద వాలిపోయి ఉన్నాడు. ఒళ్లంతా చెమట, పిలిస్తే పలుకు లేదు. వేలి రక్తం చూస్తే షుగరు అడుగంటిపోయింది. ఆటోలో తెచ్చి గ్లూకోజు ఎక్కించారు.

"తిండి మానేశాడా?"

"లేదమ్మా."

"మరి ఇన్నాళ్లూ వేసుకున్న మాత్రలేగా?"

భార్య తలొంచుకుంది. "ఇన్నాళ్లూ సగమేనమ్మా. ఇంకో సగం నేను వేసుకునేదాన్ని. నాకూ అదే రోగం. ఇద్దరికీ కొనే తాహతేదీ? డాక్టరుగారికి చెప్పడానికి ఈయనకి నామోషీ. మీరేమో ఒక్కటీ వదలొద్దన్నారు. అందుకని నేను మానేసి, అన్నీ ఆయనకే ఇచ్చాను."

నర్సమ్మ గోడకు ఆనుకుంది. సగం మాత్రకు లొంగని షుగరు చూసి డాక్టరు బలం పెంచాడు. ఆ పెంచిన బలమంతా ఒక్కసారిగా ఆ ఒంట్లోకి పంపింది తానే. ఎంత వేసుకుంటున్నావయ్యా అని ఒక్క మాట అడగలేదు.

చీకటిపడే వేళకు దర్జీ కళ్లు తెరిచాడు. భార్యను చూసి, "ఎవరమ్మా నువ్వు?" అన్నాడు. ఎంతవరకు తేరుకుంటాడో ఇప్పుడే చెప్పలేమన్నాడు డాక్టరు.

నర్సమ్మ ఆమెనూ డాక్టరు ముందు కూర్చోబెట్టి పరీక్ష చేయించింది, చీటీ రాయించింది. పక్క మంచం ముసలావిడ అడగకుండానే తన గిన్నెలోంచి ఇంత అన్నం తీసి పెట్టింది. అది తినిపించి, నర్సమ్మ మాత్ర అందించింది.

"ఆయనకి ఉంచండమ్మా."

"ఆయనకి ఇవి ఆపేశారు. నువ్వూ పడిపోతే ఆయన్ని చూసేదెవరు? వేసుకో."

ఆమె మింగేదాకా నర్సమ్మ నీళ్ల గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడింది.