నీలం బకెట్‌లో ఏముంది?

మొదటి చెంబు నీళ్లు చేతుల మీద పడగానే ఓంకార్ పళ్లు బిగబట్టాడు. నిప్పులు పోసినట్టు మంట.

"మళ్లీ గదే!" చెంబును గోడకేసి కొట్టాడు.

ఇంకా ఎనిమిది రోజులే ఉన్నాయి. వచ్చే గురువారం ఈ ఎడారి దేశంలోనే ఇంకో ఊరు సూర్‌లో మెడికల్ పరీక్ష. అక్కడి ఒక మెస్‌లో వంటమనిషిగా ఉద్యోగం దాదాపు ఖాయమైంది. మేనేజర్ వీరభద్రరావు ఒకే షరతు పెట్టాడు: "చేతుల మీద పుండ్లుంటే వంటగదిలోకి రానివ్వరయ్యా. మాన్పించుకునిరా." మానకపోతే మళ్లీ సిమెంటు పనే. సిమెంటు తగిలితే ఎగ్జిమా రేగి, వేళ్ల సందుల్లో చర్మం పగిలి నెత్తురు కారుతుంది. నాలుగేళ్లుగా అదే కథ.

క్లినిక్‌లో డాక్టర్ నాదియా చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేస్తున్నాడు. సబ్బు మానేశాడు. ఓట్స్ పొడిని పల్చటి గుడ్డలో మూటకట్టి స్నానం నీళ్లలో పిసుకుతున్నాడు. ఐదు నిమిషాల్లో స్నానం ముగించి, తడి ఆరకముందే కొబ్బరినూనె రాస్తున్నాడు. ఫోర్‌మన్ కాళ్లావేళ్లా పడి స్టోర్ డ్యూటీ వేయించుకున్నాడు. మొదటి వారం చేతులు మెత్తబడ్డాయి. ఆ తర్వాత ఉన్నట్టుండి ఎదురు తిరిగాయి.

రూమ్‌లో సలహాలకు మాత్రం కొదవలేదు.

"వంకాయ బంద్ చెయ్యిరా," అన్నాడు పక్క మంచం రాజలింగు.

"బంద్ జేసిన."

"చాపలు?"

"అవీ బంద్. ఇంక గాలి పీల్చుడు ఒక్కటే మిగిలింది. అదీ బంద్ జెయ్యమంటవా?"

రాజలింగు నవ్వాడు. ఆ నవ్వు ఓంకార్‌కు నచ్చలేదు. సూర్ ఉద్యోగానికి రాజలింగు కూడా పేరిచ్చాడు. ఓంకార్ చేతులు మానకపోతే పిలుపు అతనికే వస్తుంది.

మరునాడు సాయంత్రం ఓంకార్ స్నానానికి ముందు బకెట్‌లో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. ఉప్పగా ఉంది. పుల్లగా కూడా ఉంది.

కోపంతో ఒళ్లు మండింది.

ఎండాకాలం వాళ్లుండే అల్ మవాలేలో మేడ మీది ట్యాంకు నీళ్లు సాయంత్రానికి సలసల కాగుతాయి. అందుకే రూమ్‌లో వాళ్లంతా తెల్లవారుజామునే ఎవరి బకెట్ వాళ్లు నింపి, ఏసీ కింద పెట్టుకుని డ్యూటీకి పోతారు. ఓంకార్‌ది మూత ఉన్న నీలం బకెట్. పొద్దుటికీ సాయంత్రానికీ మధ్య ఎవరో ఆ మూత తీస్తున్నారు.

ఎండలకు సైట్‌లో పని ఆపేది మధ్యాహ్నం పన్నెండున్నరకు. శనివారం ఆ విరామంలో రూమ్‌కు వచ్చి, ఓంకార్ దుప్పటి ముసుగు పెట్టుకుని గురక నటించాడు. ముసుగు సందులోంచి ఒక కన్ను బకెట్ మీదే ఉంచాడు.

ఒంటిగంటకు రాజలింగు లేచాడు. నేరుగా ఏసీ దగ్గరికి నడిచాడు. ఓంకార్ పిడికిలి బిగించాడు. రాజలింగు ఏసీ కొంచెం పెంచి, ఆవలించి, వచ్చి మళ్లీ పడుకున్నాడు.

పది నిమిషాలకు ఇంకెవరో మంచం దగ్గరికి వచ్చారు. ఏదో గొణుగుతున్నారు. దుప్పటి మీద మూడుసార్లు చెయ్యి తిరిగింది. తర్వాత బకెట్ మూత చప్పుడు.

ఓంకార్ ఒక్క ఉదుటున లేచాడు.

ఎదురుగా నర్సయ్య. రూమ్‌లో అందరికంటే పెద్దవాడు. ఒక చేతిలో పిండిన నిమ్మకాయ, ఇంకో చేతిలో గుప్పెడు రాళ్లుప్పు.

"కాకా! నువ్వా?"

"అరవకురా. దిష్టి తీస్తున్న," అన్నాడు నర్సయ్య, తప్పేమీ లేనట్టు. "సూర్ నౌకరి ఖబర్ తెలిసిన కాన్నుంచి అందరి కండ్లు నీ మీదనే. చేతులు గందుకే మానుతలేవు."

"దిష్టి తీస్తే తీసినవ్. నా బకెట్ల పిండుడు ఏంది?"

"మరి యాడ పారెయ్యాలె? మన ఊరా ఇది, మూడు తొవ్వలకాడ పడేసి రానీకె? రోడ్డు మీద పారేస్తే మున్సిపాలిటోడు జుర్మానా రాస్తడు. ఉప్పు నీళ్ల తానంతోని గూడ దిష్టి పోతది గదా. రెండు పనులు ఒక్కపారే అయినయ్."

"పగిలిన చేతుల మీద ఉప్పు, నిమ్మరసం! నర్సయ్య కాకా, నీకు దండం పెడ్త. నీ కన్న సిమెంటే నయ్యం!"

నర్సయ్య ముఖం చిన్నబోయింది. "మీ అవ్వే ఫోన్ల చెప్పింది, పోరగానికి జర దిష్టి తియ్యుమని."

ఓంకార్ అప్పటికప్పుడే ఊరికి ఫోన్ కొట్టాడు. తల్లి సత్తవ్వ ఏమాత్రం తడబడలేదు. "నిమ్మకాయ, ఉప్పే గద కొడుకా. ఇంట్ల తినేటియే. మందులు గాదు, మాకులు గాదు. తినేది ఏం జేస్తది?"

"మిరపపొడి గూడ తినేదే అవ్వా! కండ్లల్ల పోసుకుంటవా?"

మంచం మీంచి రాజలింగు పగలబడి నవ్వాడు. ఓంకార్ తల పట్టుకున్నాడు. అనవసరంగా వీడిని అనుమానించినందుకు సిగ్గేసింది. ఆ సిగ్గు మీద ఇంకాస్త కోపం వచ్చింది.

ఆ సాయంత్రమే నీలం బకెట్ మూతకు తాడు కట్టాడు. మంచి నీళ్లు, ఓట్స్ మూట, కొబ్బరినూనె. సోమవారానికి మంట పోయింది. బుధవారానికి పగుళ్లు పూడాయి.

గురువారం సూర్‌లో డాక్టర్ అతని చేతులు తిప్పి తిప్పి చూశాడు. వేళ్ల సందుల్లో గులాబీ రంగు మచ్చలు తప్ప ఏమీ లేవు. కాగితం మీద ముద్ర పడింది. పది రోజుల్లో డ్యూటీలో చేరాడు.

మొదటి ఉదయం వీరభద్రరావు వంటగది మూలలో ఉన్న రెండు బుట్టలు చూపించాడు. "ఇవాళ అందరికీ పులిహోర. అవన్నీ పిండెయ్యవయ్యా."

ఓంకార్ మూతలు తీశాడు. అంచు దాకా నిమ్మకాయలు.

"గ్లౌజులు యాడుంటయ్ సార్?" అని అడిగాడు, పళ్లు బిగబట్టి.